చుక్కలతో కట్టిన నగరం

శ్రోతలందరికీ నమస్కారం.

రేడియోలో బొమ్మ చూపించడం కుదరదు కాబట్టి ముందుగా ఒక బొమ్మను మాటల్లో చెబుతాను. మట్టిరంగు నేల. ఒక పక్కన నది, అక్కడక్కడా చెట్లు. ఆ నేల మీద మీరు ఒక చిన్న చతురస్రం గీశారు. దాని అంచు ఆకుపచ్చ, మధ్యలో ఆర్ అనే ఇంగ్లీషు అక్షరం. ఇక్కడ మనుషులు ఇళ్ళు కట్టుకోవచ్చని మీరు అనుమతి ఇచ్చారన్నమాట. పక్కనే ఒక రోడ్డు వేశారు. దూరంగా ఉన్న విద్యుత్ కేంద్రం నుంచి తీగ లాగారు. మీ పని అయిపోయింది, ఇక చూస్తూ కూర్చోవాలి. కాసేపటికి ఆ చతురస్రంలో ఒక మూల చిన్న ఇల్లు లేస్తుంది. ఆ ఇల్లు మీరు కట్టింది కాదు. ఎవరో వచ్చి కట్టుకున్నారు.

1989లో వచ్చిన సిమ్‌సిటీ అనే కంప్యూటర్ గేమ్‌లో దృశ్యం ఇది. దాన్ని తయారు చేసిన విల్ రైట్ అంతకుముందు, 1984లో, హెలికాప్టర్‌లో తిరుగుతూ దీవుల మీది ఫ్యాక్టరీలపై బాంబులు వేసే గేమ్ ఒకటి చేశారు. ఆ దీవులను గీసుకోవడానికి ఒక పనిముట్టు కావలసి వచ్చి, అదీ తనే రాసుకున్నారు. తీరా చూస్తే బాంబులు వేయడం కన్నా దీవుల మీద రోడ్లూ భవనాలూ పేర్చడమే ఆయనకు ఎక్కువ నచ్చింది. ఆ ఇష్టమే సిమ్‌సిటీ అయింది. గెలుపూ ఓటమీ లేని ఆటను ఎవరు కొంటారని మొదట్లో ప్రచురణ సంస్థలు వెనకాడాయి. కానీ జనం కొన్నారు. నగరాలు కట్టే ఆటలు ఒక కుటుంబంలా ఆ మొదటి ఆట నుంచే పెరిగాయి.

ఈవేళ నేను మాట్లాడదలచుకున్నది ఆ కుటుంబంలో కొత్తగా పుడుతూ కూడా పాత పోలికలతోనే ఉండే గేముల గురించి. నేటి కంప్యూటర్లు గడ్డిపరకను కూడా నిజమైనదిలా చూపించగలవు. అయినా థియోటౌన్ లాంటి గేములు చిన్న చిన్న పిక్సెల్ చుక్కలతో, ఏటవాలు కోణంలో, 1990ల నాటి రూపంలోనే వస్తున్నాయి. మెట్రోపోలిస్ 1998 అనే గేమ్ పేరులోనే ఆ కాలాన్ని పెట్టుకుంది. రవాణా సంస్థను నడిపే 1995 నాటి గేమ్ ట్రాన్స్‌పోర్ట్ టైకూన్ డీలక్స్‌ను అభిమానులు తిరగరాసి, 2004 నుంచి ఓపెన్‌టీటీడీ పేరుతో ఉచితంగా నడుపుతున్నారు. కొత్తొక వింత, పాతొక రోత అంటారు కదా, ఇక్కడ ఆ సామెత తిరగబడింది. ఎందుకని ఆడేవాళ్ళనే అడిగితే ఒకరి మాటకూ మరొకరి మాటకూ పొంతన ఉండదు. ఏళ్ళ తరబడి ఈ గేములు ఆడుతూ, ఆడేవాళ్ళతో వాదిస్తూ వచ్చినవాణ్ణి నేను. వాళ్ళ మాటలూ వాటి మీద నా అభిప్రాయమూ కలిపి చెబుతాను.

అందరికంటే ఎక్కువగా వినిపించే మాట జ్ఞాపకం. చిన్నప్పుడు ఆడాం, ఆ రంగులు చూస్తే ఆ రోజులు గుర్తొస్తాయి అంటారు. అది నిజమే, కానీ దాంతో సమాధానం పూర్తి కాదు. సిమ్‌సిటీ వచ్చిన చాలా ఏళ్ళ తర్వాత పుట్టిన పిల్లలు కూడా ఈ పిక్సెల్ నగరాలకు గంటల తరబడి అతుక్కుపోతున్నారు. గుర్తు చేసుకోవడానికి వాళ్ళకు ఆ రోజులే లేవు.

నా మనసుకు దగ్గరగా ఉన్న జవాబు వేరే. పాత పద్ధతి గేమ్‌లో నగరం ఎందుకు పాడైందో ఆడేవాడికి తెలుస్తుంది. మొదటి సిమ్‌సిటీ నేల మొత్తం అడ్డంగా 120, నిలువుగా 100 గడులు. అంటే 12,000 గడులు. ఇళ్ళ జోన్ అయినా, వ్యాపార జోన్ అయినా, పరిశ్రమల జోన్ అయినా మూడు గడులు వెడల్పు, మూడు గడులు పొడవు. ప్రతి గడీ మీ చేత్తో తీసుకున్న ఒక నిర్ణయం. పన్ను 7 శాతంతో మొదలవుతుంది. పెంచితే జనం కొత్తగా రారు, తగ్గిస్తే రోడ్ల మరమ్మతుకు డబ్బు చాలదు. మరమ్మతు ఆపితే రోడ్డు గడులు ఒక్కొక్కటిగా విరిగిపోతాయి. ఆ విరిగిన గడి కళ్ళ ముందే కనిపిస్తుంది. దాని అవతల ఉన్న ఇళ్ళు ఖాళీ అవడమూ కనిపిస్తుంది. కారణానికీ ఫలితానికీ మధ్య అడ్డుతెర లేదు.

నా మొదటి నగరం పొగతో పోయింది. పరిశ్రమలకు దగ్గరగా ఇళ్ళుంటే పనికి వెళ్ళడం సులభమని రెండింటినీ పక్కపక్కనే పెట్టాను. ఇళ్ళు వచ్చాయి కానీ ఎదగలేదు, ఎంతకాలం చూసినా అవే చిన్న ఇళ్ళు. కాలుష్యం మ్యాప్ తెరిచి చూస్తే ఇళ్ళ మీదంతా చీకటి మచ్చ పరచుకుని ఉంది. పరిశ్రమలను నేల చివరకు తరలించి, అక్కడిదాకా పొడవాటి రోడ్డు వేశాను. ఈసారి ఆ ఒక్క రోడ్డు మీద నగరమంతా వచ్చి పడింది, ట్రాఫిక్ పొగే ఇళ్ళను కమ్మేసింది. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. అయినా ఆ రోజు నాకు విసుగు రాలేదు. తప్పు ఎక్కడుందో వేలు పెట్టి చూపించగలిగాను, అందుకు.

దీనికి ఎదురు ఉదాహరణ ఒకటి ఉంది. 2023 అక్టోబరులో సిటీస్ స్కైలైన్స్ అనే నగరాలు కట్టే గేమ్ రెండో భాగం వచ్చింది. మొదటి భాగం 2015లో వచ్చి ఎంతో ఆదరణ పొందింది కాబట్టి దీని కోసం జనం ఆశగా ఎదురుచూశారు. పనితీరు తాము అనుకున్న స్థాయికి చేరలేదని విడుదలకు ముందే తయారీదారులు ఒప్పుకున్నారు. మంచి కంప్యూటర్లు ఉన్నవాళ్ళ దగ్గర కూడా గేమ్ నత్తనడక నడిచింది. ఆసక్తి ఉన్నవాళ్ళు లోపల తవ్వి చూస్తే, ఆకాశం నుంచి చూసినప్పుడు చీమంత కూడా కనిపించని పౌరుల బొమ్మలకు నోట్లో పళ్ళతో సహా పూర్తి వివరాలు ఉన్నాయి. పాత పద్ధతి గేములను ఇష్టపడేవాళ్ళు ఈ పళ్ళ సంగతిని ఇప్పటికీ చెప్పుకుంటారు. వాళ్ళ వాదనలో న్యాయం ఉంది. ఒక పౌరుడిని నాలుగు చుక్కలతో చూపిస్తే మిగిలిన ముఖాన్ని ఆడేవాడి మనసు పూరించుకుంటుంది. పిల్లలు తడి ఇసుకలో పాదం పెట్టి కట్టిన పిచ్చుకగూటికి గుమ్మం, కిటికీ ఎవరైనా చెక్కారా? చూసేవాళ్ళ కళ్ళే చెక్కుకుంటాయి.

అయితే పిక్సెల్ బొమ్మ అయినంత మాత్రాన గేమ్ బాగుంటుందని నేను అనను. పాత అందాన్ని పైపైన పూసి లోపల ఏమీ పెట్టని గేములూ ఉన్నాయి. పెద్ద తెరల మీద అక్షరాలు చదవలేనంత చిన్నగా ఉన్నాయనీ, మెనూలో ఏది ఎక్కడుందో వెతుక్కోవడానికే సగం సమయం పోతోందనీ ఆడేవాళ్ళు అంటుంటే, అది అప్పటి పద్ధతి అని కొందరు తయారీదారులు సమర్థించుకుంటారు. ఆ సమర్థన నాకు సమ్మతం కాదు. 1993 నాటి సిమ్‌సిటీ 2000 ఆనాటి తెరలకు సరిపోయేలా, చదవగలిగేలా తయారైంది. దాన్ని గౌరవించడమంటే ఈనాటి తెర మీద కూడా చదవగలిగేలా చేయడం. చూపు తగ్గినవాళ్ళకు అక్షరం పెద్దది చేసుకునే వీలు ఇస్తే పాతదనానికి వచ్చే నష్టం ఏమీ లేదు.

ఇప్పుడు అసలు చర్చకు వస్తాను. ఈ గేములు ఆడేవాళ్ళు గట్టిగా వాదించుకునేది బొమ్మల గురించి కాదు, నియమాల గురించి.

మొదటి సిమ్‌సిటీలో ఒక కిటుకు ఉంది. రోడ్లు ఒక్కటి కూడా వేయకుండా అన్నిచోట్లా రైలు పట్టాలే వేస్తే ట్రాఫిక్ ఉండదు, దాని పొగా ఉండదు. పట్టాలకు ఖర్చు ఎక్కువ కానీ నగరం హాయిగా పెరుగుతుంది. దీన్ని కొందరు మోసం అంటారు. గేమ్ తనంతట తాను ఒప్పుకున్న దాన్ని మోసం అనడం ఏమిటని ఇంకొందరు అడుగుతారు. నేను ఈ రెండో పక్షం. ఎందుకంటే ఆ కిటుకు దొరికిన రోజున ఆడేవాడికి ఒక పెద్ద సంగతి అర్థమవుతుంది. ఈ గేమ్‌లో ఉన్నది నగరం కాదు, నగరాల గురించి ఒక మనిషికి ఉన్న అభిప్రాయం.

విల్ రైట్ ఆ అభిప్రాయాన్ని కొంతవరకు అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయ ప్రొఫెసర్ జే ఫారెస్టర్ దగ్గర తెచ్చుకున్నారు. నగరం పెరగడాన్నీ క్షీణించడాన్నీ లెక్కలుగా మార్చి ఫారెస్టర్ 1969లో ఒక పుస్తకం రాశారు. ఆ లెక్కలను పట్టణ ప్రణాళిక తెలిసినవాళ్ళు అప్పుడే తీవ్రంగా విమర్శించారు. గేమ్‌లోని నియమాలను కూడా అలాగే ప్రశ్నించాలి. ఇళ్ళు ఒకచోట, దుకాణాలు మరొకచోట, పరిశ్రమలు ఇంకొకచోట అని ఎందుకు విడదీయాలి? కింద దుకాణం, పైన ఇల్లు ఉన్న వీధిని ఈ గేమ్‌లో ఎందుకు గీయలేను? ఇది అమెరికా జోనింగ్ ఆలోచన, ప్రపంచంలోని నగరాలన్నీ ఇలా లేవు అని ఆడేవాళ్ళలో చాలామంది గుర్తించి చెబుతుంటారు. కొత్తగా వచ్చే రెట్రో గేములు పాత రూపాన్ని తెచ్చుకుంటూ ఆ పాత నియమాన్ని కూడా ఆలోచించకుండా మోసుకొస్తే నాకు బాధగా ఉంటుంది. రూపం పాతదైతే ఫర్వాలేదు, ఆలోచన కొత్తది కావాలి.

పార్కింగ్ సంగతి ఇంకా విచిత్రం. 2013లో అదే పేరుతో వచ్చిన కొత్త సిమ్‌సిటీని రూపొందించేటప్పుడు నిజమైన దుకాణాల పక్కన ఎంత పార్కింగ్ స్థలం ఉంటుందో కొలిచి చూశారు. ఆ కొలతలతో గేమ్ చేస్తే అది పార్కింగ్ స్థలాల గేమ్‌గా మారిపోయేలా కనిపించింది. అందుకని వాటిలో ఎక్కువ భాగం భూమి కింద ఉన్నాయని అనుకుని ముందుకు సాగారు. కారు నడిచే రోడ్డు తెర మీద ఉంది, కారు ఆగే చోటు మాత్రం లేదు. ఈ సంగతి తెలిశాక ఏ నగరాల గేమ్ ఆడినా, ఇందులో దాచిపెట్టినది ఏమిటని వెతకడం నాకు అలవాటైంది.

నియమాలను చివరిదాకా పిండితే ఏమవుతుందో 2010లో ప్రపంచం చూసింది. సిమ్‌సిటీ 3000లో ఒక యువకుడు ఏళ్ళ తరబడి లెక్కలు వేసి, మాగ్నసాంతి అనే పేరుతో 60 లక్షల జనాభా ఉన్న నగరాన్ని కట్టాడు. రోడ్లు లేవు, భూగర్భ రైళ్ళే. ఎటు చూసినా ఒకే నమూనా. అందులో జనం ఎక్కువకాలం బతకరు, అయినా గేమ్ లెక్కలో అది విజయమే. ఆ నగరాన్ని చూసి మెచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు, వణికిపోయినవాళ్ళూ ఉన్నారు. ఆ యువకుడి ఉద్దేశం కూడా అదే, ఆ వణుకు పుట్టించడమే.

ఇంకొక ఫిర్యాదు గురించి క్లుప్తంగా చెబుతాను. నగరం నిలదొక్కుకున్నాక చేయడానికి ఏమీ ఉండదు, డబ్బు పోగుపడుతుంది, విసుగొస్తుంది అంటారు. నిజమే. మొదటి సిమ్‌సిటీ దీనికి మంచి దారి చూపింది. 1906లో భూకంపం వచ్చిన శాన్‌ఫ్రాన్సిస్కో, 1965లో ట్రాఫిక్‌తో నిండిపోయిన బెర్న్, 1972లో నేరాలు పెరిగిన డెట్రాయిట్ నగరాలను ఆడేవాడి చేతిలో పెట్టి, ఇన్నేళ్ళలో బాగుచేయమంది. ఖాళీ నేల మీద కట్టడం ఒక ఆనందం, ఎవరో పాడుచేసిన దాన్ని బాగుచేయడం మరో ఆనందం. నేటి రెట్రో గేముల్లో ఈ రెండోది తక్కువగా కనిపిస్తోంది. పెరగాలని నా కోరిక.

చివరగా అన్‌డూ బటన్, అంటే చేసిన పనిని రద్దు చేసి వెనక్కి వెళ్ళే బటన్. ఆడేవాళ్ళు దీని గురించి పడినంత పోట్లాట నేను మరెక్కడా చూడలేదు. పాత గేముల్లో చాలావాటిలో వెనక్కి వెళ్ళడం లేదు. తప్పు చోట రోడ్డు వేస్తే బుల్‌డోజర్ పెట్టి పడగొట్టాలి, దానికీ డబ్బు కట్టాలి. ఆ భయమే ప్రతి గడికీ బరువు ఇస్తుందని ఒక వర్గం అంటుంది. ఫోన్ తెర మీద వేలు జారితే దానికి జరిమానా ఏమిటని రెండో వర్గం అంటుంది. రెండు బాధలూ నేను పడ్డాను. వేలు జారి ఒక వంతెన మధ్య గడిని పడగొట్టినప్పుడు గేమ్ మూసేసి, మళ్ళీ చాలా రోజులు తెరవలేదు. అందుకే నాకు తోచిన హద్దు ఇది. గేమ్ గడియారం ఆపి ఉంచినంతసేపు ఎన్నిసార్లయినా వెనక్కి వెళ్ళనివ్వాలి, ఎందుకంటే అప్పటికి మనం కాగితం మీద గీతలే గీస్తున్నాం. గడియారం కదిలి, ఆ గీత పక్కన ఎవరో ఒకరు ఇల్లు కట్టుకున్నాక మాత్రం వెనక్కి వెళ్ళే బటన్ ఉండకూడదు.

సెలవు. నమస్కారం.