క్యారెట్ చౌకైనప్పుడు వంటింటి లెక్క

పొదుపు సంఘాల అక్కచెల్లెళ్లకు, సభకు వచ్చిన పెద్దలకు నమస్కారం. సారాపై పోరాటానికి పేరు మోసిన దూబగుంట ఉన్న నెల్లూరు జిల్లా ఇది. రోజుకొక రూపాయి దాచి పొదుపుకు దారి చూపిన మహిళల ముందు నిలబడి పొదుపు గురించి మాట్లాడాలంటే ఎవరికైనా జంకే. అందుచేత రూపాయల సంగతి మీకే వదిలిపెట్టి, సంచిలో మిగిలిపోయే క్యారెట్ల సంగతి మాత్రం చెబుతాను.

క్యారెట్ మన జిల్లాలో చెప్పుకోదగ్గ పంట కాదు. నీలగిరుల నుంచి, కర్ణాటకలోని కోలారు, మాలూరు వైపు నుంచి మనకు వస్తుంది. అక్కడ దిగుబడి పెరిగి సరుకు ఒక్కసారిగా దిగిన రోజుల్లో ధర పడిపోతుంది. కిలో అడిగిన వారికి రెండు కిలోలు అంటగట్టి పంపుతారు. ఇంటికి తెచ్చాక మనకు తట్టేది ఒక్కటే, హల్వా. పొదుపు దెబ్బతినేది సరిగ్గా ఇక్కడే. కిలో క్యారెట్ తురుముకు లీటరు పాలు, పావుకిలోకు తగ్గని చక్కెర, గరిటెడు నెయ్యి, జీడిపప్పు, ఆ పైన పాలు ఇగిరేదాకా ముప్పావు గంట గ్యాసు కావాలి. కాయ చౌక, వంట ఖరీదు. పండుగకు చేసుకుంటే ఎవరూ కాదనరు గాని, చౌకగా వచ్చింది కదా అని చేసేది మాత్రం కాదది. క్యారెట్‌తో పాటు ఇంకా ఏమేమి ఖర్చవుతున్నాయో చూసి వంట ఎంచుకోవాలన్నదే ఈ రోజు నేను చెప్పదలచుకున్న మాట.

ముందుగా నిల్వ సంగతి. ఆకులుంటే తెచ్చిన వెంటనే తుంచేయాలి. అవి దుంపలోని తేమను లాగేస్తాయి. కడగకుండా, పొడిగుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో అడుగున పెట్టాలి. ఫ్రిజ్ లేని ఇంట్లో కుండలో కొద్దిగా తడిపిన ఇసుక పోసి, దుంపలు ఒకదానికొకటి తగలకుండా పూడ్చి నీడన ఉంచితే చలి రోజుల్లో వారం దాకా నిలుస్తాయి. పండిన అరటిపండ్లు, యాపిళ్ల పక్కన పెట్టకూడదు. వాటి నుంచి వచ్చే వాయువు వల్ల క్యారెట్ చేదెక్కుతుంది. వడలినవి పారేయనక్కర లేదు, గంటసేపు చన్నీళ్లలో వేస్తే మళ్లీ బిగువెక్కుతాయి. చెక్కు తీసే అలవాటు కూడా మానుకోవచ్చు. కొబ్బరి పీచుతో గట్టిగా రుద్ది కడిగితే చాలు.

ఇక వంట. క్యారెట్‌ను మనం ఉప్మాలోనో ఫ్రైడ్ రైస్‌లోనో రంగు కోసం చల్లే వస్తువుగా చూస్తాం కనుక అది తరగదు. సొరకాయను, గుమ్మడికాయను చూసినట్టు దాన్నే ప్రధానమైన కూరగాయగా చూస్తే రెండు కిలోలు నాలుగు రోజుల్లో అయిపోతాయి. దాని తీపి మన నాలుకకు అడ్డం వస్తుందన్న మాట నిజమే. అయితే ఆ తీపికి విరుగుడు పులుపూ కారమూ, అవి నెల్లూరు వంటింట్లో ఎప్పుడూ కొరత లేనివి.

అన్నిటికంటే ఎక్కువగా క్యారెట్‌ను ఇముడ్చుకునేది రోటిపచ్చడి. అరకిలో క్యారెట్లను చక్రాలుగా కాస్త మందంగా తరుగుకోవాలి. రెండు చెంచాల వేరుశనగ నూనెలో పది పన్నెండు ఎండుమిరపకాయలు, చెంచా జీలకర్ర వేయించి తీసి, అదే నూనెలో ముక్కలు వేసి మూత పెట్టాలి. నీళ్లు పోయకూడదు, పోస్తే ముక్క ఉడుకుతుందే తప్ప వేగదు, పచ్చడి జావలా తయారవుతుంది. ముక్కల అంచుల మీద గోధుమరంగు మచ్చలు కనబడగానే పొయ్యి ఆపి, నిమ్మకాయంత చింతపండు వాటి మధ్యలో దూర్చి మళ్లీ మూత పెడితే ఆ ఆవిరికే అది మెత్తబడుతుంది. రోట్లో ముందు మిరపకాయలు, ఉప్పు, జీలకర్ర, తర్వాత చింతపండు, నాలుగు తెల్లగడ్డ రెబ్బలు, చిట్టచివర ముక్కలు వేసి కచ్చాపచ్చాగా నూరాలి. మిక్సీలో అయితే ఒక్క తిప్పు చాలు. ఇది అన్నంలోకే కాదు, మరునాడు ఎర్రకారానికి బదులుగా దోసె మీద పూసినా కుదురుతుంది.

రోజువారీ పప్పులో కందిపప్పు సగం తగ్గించి, తగ్గినంత మేర క్యారెట్ ముక్కలు వేసి, చింతపండు పులుసుతో, తెల్లగడ్డ తిరగమాతతో దించితే ఎవరూ తేడా పట్టరు. మాంసకృత్తులు తగ్గుతాయి కనుక పిల్లలున్న ఇంట్లో వారానికి ఒకసారికి మించి ఇలా చేయమని నేను చెప్పను. అన్నం వండే కుక్కర్లోనే పైగిన్నెలో దుంపలను తరగకుండా పెడితే వేరే గ్యాసు ఖర్చు ఉండదు. వాటిని చిదిమి, పులిసిన దోసెపిండిలో ఎర్రగడ్డలు, పచ్చిమిరపకాయలతో కలిపి గుంతపెనం మీద పొంగనాలుగా వేసుకోవచ్చు. పులిబొంగరాల్లా నూనెలో వేయిస్తే రుచి ఎక్కువే, నూనె ఖర్చూ ఎక్కువే. కొద్దిపాటి నూనె మాత్రం ఏ వంటలోనైనా ఉండాలి, ఎందుకంటే క్యారెట్‌కు ఆ రంగునిచ్చే, మన ఒంట్లో ఎ విటమిన్‌గా మారే కెరోటిన్ కొవ్వులో మాత్రమే కరుగుతుంది. పచ్చిదానికంటే వండిన దాని నుంచే అది మన ఒంటికి ఎక్కువగా అందుతుంది.

పొయ్యి వెలిగించకుండా చేసేది ఆవక్యారెట్. కడిగి తుడిచి, నీడన ఆరిన కిలో ముక్కలకు ఆవపిండి, కారం వందేసి గ్రాములు, ఉప్పు అంతకు కొంచెం తక్కువ, పసుపు, పావులీటరు నూనె పడతాయి. మామిడికాయకు పులుపు పుట్టుకతోనే ఉంది, క్యారెట్‌కు లేదు. అందుకని పది పొదలకూరు నిమ్మకాయల రసం తప్పనిసరి. ఇది ఏడాది నిలిచే ఊరగాయ కాదు, ఫ్రిజ్‌లో పెట్టి రెండు మూడు వారాల్లో తినేయాలి.

అప్పటికీ మిగిలితే ఒరుగులు పెట్టుకోవచ్చు. మన తీరంలో ఈశాన్య రుతుపవనాల వానలు డిసెంబరుదాకా ఉంటాయి గనుక సంక్రాంతి తర్వాతే ఆ పని పెట్టుకోవాలి. సన్నని చక్రాలను మరిగే ఉప్పునీళ్లలో రెండు నిమిషాలు ఉంచి వడగట్టి, పైన పలుచని గుడ్డ కప్పి ఆరబెట్టాలి. నేరుగా ఎండ తగిలితే రంగూ కెరోటినూ రెండూ పోతాయి. కిలో క్యారెట్‌లో 870 గ్రాములకు పైగా నీరే కనుక చివరికి చేతికొచ్చేది గుప్పెడే, నిరుత్సాహపడవద్దు.

ఒక్క హెచ్చరిక. వారాల తరబడి రోజూ చాలా క్యారెట్ తింటే అరచేతులు, అరికాళ్లు పసుపు రంగుకు తిరగవచ్చు. కళ్లలోని తెల్లగుడ్డు తెల్లగానే ఉంటే అది కామెర్లు కాదు, క్యారెట్ తగ్గిస్తే కొన్ని వారాల్లో రంగు పోతుంది. కళ్లు కూడా పచ్చబడితే మాత్రం పసరు మందు కోసం తిరగకుండా నేరుగా డాక్టరు దగ్గరకు వెళ్లాలి.