ఆ బొచ్చు పురుగుకి ఇంకా పేరెందుకు లేదు?

నమస్తే అండీ. ఈ ఫొటో మీ వాట్సాప్‌కి ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది. ఒళ్లంతా తెల్లటి బొచ్చు, నల్లటి పెద్ద కళ్లు, దువ్వెనలాంటి మీసాలు. కుక్కపిల్లకి రెక్కలొచ్చినట్టు ఉంటుంది. నెట్‌లో దీన్ని పూడిల్ మాత్ అంటారు, అంటే పూడిల్ కుక్కలాంటి రెక్కల పురుగు అని. ఆర్థర్ ఆంకర్ అనే జీవశాస్త్రవేత్త వెనెజువెలాలోని గ్రాన్ సబానా ప్రాంతంలో తీశారు. 2012లో వైరల్ అయింది. ఆ ఊపులో బొమ్మల ఫొటోలు, మామూలు పట్టుపురుగు తల్లి ఫొటోలు కూడా అదే పేరుతో తిరిగాయి. హిందూపురం వైపు పట్టు రైతుకి చూపిస్తే "ఇది మా షెడ్డులోదే కదయ్యా" అని నవ్వుతాడు.

సరే, అసలు ఫొటోలో ఉన్నది ఏ జాతి? ఆర్టాసే అనే ప్రజాతికి (దగ్గరి జాతులన్నీ కలిసిన గుంపుని ప్రజాతి అంటారు) దగ్గరగా ఉందని కొందరన్నారు. అక్కడితో ఆగింది. ఎందుకంటే ఉన్నది ఫొటో. పురుగు లేదు.

ఇదే ఇవాళ్టి విషయం. దక్షిణ అమెరికా అడవుల్లో కొత్త పురుగు దొరకడం పెద్ద విశేషమేం కాదు. అది కొత్తదని తేల్చడమే అసలు పని. ఆ పని చాలావరకు అడవిలో జరగదు, మ్యూజియం డ్రాయర్ల ముందు జరుగుతుంది.

ఈక్వడార్ దక్షిణాన లోజా, జమోరా పట్టణాల దగ్గర ఆండీస్ కొండవాలు. ఎప్పుడూ మబ్బు, తడి. జర్మనీకి చెందిన గున్నార్ బ్రేమ్ బృందం అక్కడ దీపపు ఎరలు పెట్టింది. మన పత్తి చేలల్లో పెట్టే దీపపు ఎరల సూత్రమే: చీకట్లో అల్ట్రావయొలెట్ దీపం, చుట్టూ తెల్లటి గుడ్డ. వాళ్లు వెతికింది జియోమెట్రిడే అనే రెక్కల పురుగుల కుటుంబం కోసం. కుటుంబం అంటే చాలా ప్రజాతులు కలిసిన పెద్ద గుంపు. ఆ పేరుకి 'నేలని కొలిచేది' అని అర్థం. గొంగళి దశలో నడుము విల్లులా వంచి, జానెడు జానెడు కొలుస్తున్నట్టు నడుస్తాయి మరి. మన ఆముదం చేలో దాసరి పురుగు నడకా ఇంచుమించు ఇలాంటిదే, కాకపోతే దాని కుటుంబం వేరు.

మొదటి విడతలో రెక్కల మీది గీతలు, రంగులు, శరీర నిర్మాణం చూసి లెక్కేస్తే 1,010 జాతులు తేలాయి. ఒక్క కొండవాలులో, ఒక్క కుటుంబంలో! తర్వాత 1,020 మీటర్ల నుంచి 3,021 మీటర్ల ఎత్తు దాకా 14,603 పురుగులు పట్టి, ఈసారి డీఎన్ఏ కూడా చూశారు. 2016లో ఫలితం వచ్చింది. 1,857 జాతులు! కొండ అదే, రెండోసారి కాస్త ఎక్కువ ఎత్తు దాకా వెళ్లారు, అంతే. 80 శాతానికి పైనే పెరిగింది. కళ్లు ఒకటే అనుకున్నవాటిని డీఎన్ఏ విడదీసింది.

ఈ డీఎన్ఏ పని వినడానికి హైటెక్‌గా ఉంటుంది కానీ, మొదలు చాలా సాదా. ఎండిన పురుగు కాలు ఒకటి పట్టకారుతో తుంచుతారు. అందులోంచి సీవోఐ అనే జన్యువులో సుమారు 650 అక్షరాల ముక్క చదువుతారు. దుకాణంలో బార్‌కోడ్ లాగా అన్నమాట. దాంతో అయిపోదు. పొట్ట చివరి భాగం తీసి, క్షారంలో నానబెట్టి, మెత్తబడ్డాక మైక్రోస్కోప్ కింద జననాంగాల ఆకారం చూస్తారు. సిగ్గుపడే విషయమేం లేదు. పైకి కవలల్లా ఉన్న రెండు జాతులకి అక్కడ తేడా దొరుకుతుంది.

ఈ కుటుంబంలోనే ఇయోయిస్ అనే ప్రజాతి ఉంది. వీటి గొంగళ్లు ఎక్కువగా పైపర్ మొక్కల ఆకులు తింటాయి. మన తమలపాకు, మిరియాలు కూడా పైపర్లే. అరచేతిలో నాలుగైదు పట్టేంత చిన్నవి, పసుపు రెక్కలు, సన్నటి వంకర గీతలు. పక్కపక్కన పెడితే తేడా చెప్పడానికి తల ప్రాణం తోకకొస్తుంది.

సరే, వేరే జాతే అని తేలింది. కొత్తదా? దీనికి పాత పేర్లన్నీ తిరగేయాలి. వందేళ్ల కిందట పాల్ దోన్యాఁ అనే ఫ్రెంచాయన లోజా ప్రాంతం పురుగులకి బోలెడు పేర్లు పెట్టారు. ఆయన సేకరణ ఇప్పుడు అమెరికాలో, వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. మిగతావి లండన్లో, ఇంకెక్కడెక్కడో. పేరు పెట్టేటప్పుడు ఏ ఒక్క నమూనాని ఆధారంగా తీసుకున్నారో, దానికి సాధారణంగా ఎర్ర చీటీ గుచ్చి ఉంటుంది. మన చేతిలోది దానితో సరిపోలకపోతేనే కొత్తది. పురుగు ఈక్వడార్‌ది, సాక్ష్యం వాషింగ్టన్‌లో. నాకైతే ఇది అన్యాయంగానే అనిపిస్తుంది.

మనకెందుకీ గోల అంటారా? మొక్కజొన్న రైతుని అడగండి. కత్తెర పురుగు అమెరికా ఖండాల ఉష్ణమండలానిదే. మన దేశంలో 2018లో మొదట కర్ణాటకలో బయటపడింది. దాని లద్దె పురుగు నుదుటి మీద తలకిందులైన వై ఆకారం, తోక వైపు చదరంగా నాలుగు నల్ల చుక్కలు చూసి పొగాకు లద్దె పురుగు కాదని గుర్తుపడుతున్నాం. ఆ పోలికలన్నీ ఎవరో ఒకప్పుడు కూర్చుని రాసిపెట్టినవే.

ఇక పెంకు పురుగులు. 1848లో హెన్రీ బేట్స్ అనే 23 ఏళ్ల కుర్రాడు స్నేహితుడు వాలెస్‌తో కలిసి అమెజాన్‌కి వెళ్లాడు. నాలుగేళ్లకి వాలెస్ తిరుగు ప్రయాణంలో ఓడ తగలబడి, సేకరణ దాదాపు మొత్తం పోయింది. బేట్స్ మాత్రం 11 ఏళ్లు ఉండిపోయాడు. 14,712 జాతులు పోగేశాడు, ఎక్కువ భాగం పురుగులే. అందులో 8,000 దాకా శాస్త్రానికి కొత్తవి. తర్వాత లండన్‌లో ఉద్యోగం చేసుకుంటూ, పెంకు పురుగుల వర్గీకరణ మీద ఏళ్ల తరబడి కూర్చున్నాడు.

ఇంకొకాయన టెర్రీ అర్విన్ అనే అమెరికన్ కీటక శాస్త్రవేత్త. పనామాలో చెట్ల పైకి పొగ కొట్టారు, మున్సిపాలిటీ వాళ్లు దోమలకి కొట్టినట్టే. కింద పరిచిన గరాటుల్లో పురుగులు రాలాయి. ఒకే జాతికి చెందిన 19 చెట్ల మీంచి సుమారు 1,200 పెంకు పురుగు జాతులు! దాన్నిబట్టి లెక్కగట్టి, ఉష్ణమండల అడవుల్లో కీటకాలూ వాటి బంధువులూ కలిపి మూడు కోట్ల జాతులు ఉండొచ్చని 1982లో రాశారు. అది ఎక్కువని తర్వాత వచ్చిన లెక్కలు తేల్చాయి. నిజమే, ఊహ మీద ఊహ పేర్చిన లెక్క అది. కానీ ఆ ఒక్క అంకెతో అందరూ చెట్ల పైకి చూడటం మొదలెట్టారు.

ఆయన తర్వాత పెరూ, ఈక్వడార్‌లలో కూడా పనిచేశారు. ఆగ్రా అనే పెంకు పురుగుల ప్రజాతి అంటే ప్రాణం. మన తాజ్‌మహల్ ఆగ్రాతో సంబంధం లేదు లెండి. వందల జాతులకి పేర్లు వెతికి వెతికి సినిమావాళ్ల మీద పడ్డారు. కోస్టారికా జాతి ఒకదానికి కండల హీరో ఆర్నాల్డ్ స్వార్జెనెగ్గర్ పేరు మీద ఆగ్రా స్వార్జెనెగ్గరీ అని పెట్టారు. ఎందుకంటే దాని మగ పురుగుకి నడిమి కాళ్ల తొడలు జిమ్‌కి వెళ్లొచ్చినట్టు ఉబ్బి ఉంటాయి.