ఎండీ గదికి దారి క్యూఏ గది మీదుగానే

అందరికీ నమస్కారం. పెద్దల పరిచయాలు అయ్యాయి కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను. మీలో చాలామంది జీడిమెట్ల, పాశమైలారం, పరవాడ వైపు మందుల కంపెనీలకు ఎలక్ట్రానిక్ బ్యాచ్ రికార్డు సాఫ్ట్‌వేర్, అంటే ప్రతి బ్యాచ్ మందు తయారీ వివరాలను కంప్యూటర్‌లో నమోదు చేసేది, అమ్మేవాళ్లు. "ఎండీ గారు సరే అంటే చాలు, మిగతావాళ్లు దారికొస్తారు" అనే మాట ఈ రంగంలో బాగా పాతుకుపోయింది. ఫార్మాలో అది నడవదు.

ఎందుకు నడవదంటే, అమెరికాకు మందులు పంపేవాళ్లు పాటించాల్సిన, అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నిబంధనల్లో 21 సీఎఫ్‌ఆర్ 211.22 ఉంది. బ్యాచ్‌నైనా, పద్ధతినైనా ఆమోదించే, తిరస్కరించే అధికారం నాణ్యత విభాగానిదని అది చెబుతుంది. బల్క్ డ్రగ్ (మందులోని అసలు ఔషధ పదార్థం) యూనిట్లకు ఐసీహెచ్ క్యూ7 అనే అంతర్జాతీయ మార్గదర్శకం ఉంది. నాణ్యత విభాగం ఉత్పత్తి విభాగానికి లోబడి ఉండకూడదంటుంది. అంటే ఎండీ గారు సాఫ్ట్‌వేర్ కొనగలరు గానీ, నాణ్యత విభాగం (క్యూఏ) హెడ్ సంతకం లేకుండా దాన్ని వాడకంలోకి తేలేరు. వాలిడేషన్ (సిస్టమ్ సరిగా పనిచేస్తుందని రుజువులతో చూపించడం) దగ్గర ఆగిపోయిన సిస్టమ్‌కి రెండో ప్లాంటు ఆర్డర్ ఎక్కడి నుంచి వస్తుంది?

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఎఫ్‌డీఏ కంపెనీలకు రాసే వార్నింగ్ లెటర్లను తన వెబ్‌సైట్‌లో పెడుతుంది. కొందరు ఆ కంపెనీకి వచ్చిన లెటర్‌ని ప్రింట్ తీసి, ఎండీ గారి టేబుల్ మీద పెట్టి, "మీ క్యూఏ వాళ్ల వల్లే ఇదంతా" అంటారు. దయచేసి ఆ పని చేయకండి. ఆ గదిలో అన్న మాట సాయంత్రానికల్లా క్యూఏ హెడ్‌కి చేరుతుంది. ఆ తర్వాత మీ ప్రతి పత్రంలోనూ లోపం కనిపిస్తుంది. 483, అంటే ఎఫ్‌డీఏ తనిఖీలో కనిపించిన లోపాల జాబితా, వచ్చాక జవాబివ్వడానికి వాళ్లకుండేది 15 పనిదినాలు. ఆ రోజుల్లో ఫోన్ కూడా చేయకండి. రాత్రీ పగలూ ఆ జవాబు మీదే కూర్చున్న మనిషికి మీ డెమో ఎంత భారమో ఆలోచించండి.

మరి ఏం చేయాలి? ముందు క్యూఏ దగ్గరికే వెళ్లండి. వాళ్లు ఇప్పుడు వాడుతున్న కాగితం బ్యాచ్ రికార్డు ఒకటి అడిగి, దాన్నే మీ సిస్టమ్‌లో కట్టి చూపించండి. ఆడిట్ ట్రయల్‌లో, అంటే మార్పుల చరిత్రలో, పాత విలువ, కొత్త విలువ, మార్చినవారి పేరు, సమయం, కారణం కనిపించాలి. వెండర్ ఆడిట్‌కి, అంటే మీ సంస్థను వాళ్లు తనిఖీ చేయడానికి, వాళ్లు అడిగేదాకా ఆగకుండా మీరే ఆహ్వానించండి. మీ ఎస్‌ఓపీలు (పని పద్ధతుల పత్రాలు), శిక్షణ రికార్డులు, టెస్టింగ్ రికార్డులు సిద్ధంగా ఉంచండి. యూఆర్‌ఎస్ (సిస్టమ్ ఏమేం చేయాలో వాళ్లు రాసుకునే పత్రం) రాసే దశలోనే మీరు లోపల ఉంటే, వాలిడేషన్ మెట్లయిన ఐక్యూ (సరిగా అమర్చారా), ఓక్యూ (సరిగా పనిచేస్తోందా), పీక్యూ (అసలు వాడకంలో సరిగా నడుస్తోందా) దగ్గర కొత్త కోరికలు తగ్గుతాయి.

ఒక్క క్యూఏ హెడ్‌నే నమ్ముకున్నా ప్రమాదమే. ఆ మనిషి రాజీనామా చేస్తే, కొత్తగా వచ్చినవాళ్లు యూఆర్‌ఎస్ మళ్లీ మొదలుపెడతారు. అందుకే కింద వాలిడేషన్ చూసేవాళ్లు ఇద్దరైనా మీకు తెలిసుండాలి. ఐటీ వాళ్లతో అడ్మిన్ హక్కుల సంగతి ముందే తేల్చుకోండి. రికార్డులు నమోదు చేసేవాళ్ల చేతిలో ఆ హక్కులు ఉండకూడదు. ప్రొడక్షన్‌లో మేనేజర్‌ని కలిసి వచ్చేయకండి. గ్లవ్స్ వేసుకుని ట్యాబ్ నొక్కాల్సింది షిఫ్ట్ సూపర్‌వైజర్. నైట్ షిఫ్ట్‌లో నెట్‌వర్క్ పోతే ఏం చేయాలో ఆయన అడుగుతాడు. జవాబు మీ దగ్గర ఉండాలి.

ఇవన్నీ అయ్యాక ఎండీ గారి దగ్గరికి, అదీ క్యూఏ హెడ్, ప్లాంట్ హెడ్ ఇద్దర్నీ వెంటబెట్టుకుని వెళ్లండి. చేతిలో ఒక్క పేజీ చాలు. సంతకం అడగకండి. "క్యూఏకీ ప్రొడక్షన్‌కీ మాట కలవకపోతే తేల్చేది ఎవరు?" అని అడగండి. ఆ పేరు తెలియని డీల్‌ని ఈ నెల లెక్కలో వేసుకోకండి.

సమయం అయిపోయిందని చీటీ వచ్చింది. ఫైనాన్స్, పర్చేజ్ గురించి రెండు ముక్కలు చెప్పి ముగిస్తాను. బడ్జెట్ ఏప్రిల్‌లో మొదలవుతుంది, కాబట్టి వాలిడేషన్ ఖర్చుతో సహా మొత్తం అంకె డిసెంబరుకల్లా ఫైనాన్స్ వాళ్ల చేతిలో పెట్టండి. పర్చేజ్ వాళ్లు చివరి బిల్లుని పీక్యూ సంతకానికి ముడిపెడతారు. పీక్యూ అనేది ఆ కంపెనీ బ్యాచ్‌ల మీద ఆధారపడుతుంది, మీ చేతిలో ఉండదు. ఓక్యూ అయ్యేసరికే ఎక్కువ భాగం వచ్చేలా రాయించుకోండి. మీది ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న సూక్ష్మ, చిన్న సంస్థ అయితే, 2006 ఎంఎస్‌ఎంఈడీ చట్టం 15వ సెక్షన్ ప్రకారం చెల్లింపు గడువు 45 రోజులు దాటకూడదు. 90 రోజులని రాసిన పీఓ (కొనుగోలు ఆర్డర్) వస్తే, తీసుకునే ముందే ఆ లైను మార్పించండి.