తొందరపడని మనిషి: ఇగోర్ లారియొనోవ్

సభకు నమస్కారం.

హాకీ అనగానే మనకు పచ్చిక మైదానం, ధ్యాన్‌చంద్ గుర్తుకొస్తారు. ఈ సాయంత్రం నేను మాట్లాడబోయేది మంచు మీద ఆడే హాకీ గురించి, అందులో నాకు అందరికన్నా ఇష్టమైన ఆటగాడు ఇగోర్ లారియొనోవ్ గురించి.

1960లో మాస్కోకు దగ్గర్లోని వొస్క్రెసెన్‌స్క్‌లో ఆయన పుట్టారు. రసాయన కర్మాగారాల ఊరది. 1981లో సైనిక క్లబ్బు సీఎస్‌కేఏలో చేరి క్రుతోవ్, మకరోవ్‌ల మధ్య నిలబడ్డారు. వెనక ఫెతిసోవ్, కసతోనోవ్. ఈ అయిదుగురూ కలిసి ఆడితే ఎదుటి జట్టుకు పక్, అంటే బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల, కనబడడమే గగనమయ్యేది. 1984లోనూ 1988లోనూ ఒలింపిక్ స్వర్ణం వాళ్లదే.

ఆ పతకాల వెనక ఒక చెర ఉంది. శిక్షకుడు విక్తర్ తిఖోనోవ్ ఆటగాళ్లను ఏడాదిలో పది నెలలకు పైగా శిబిరంలోనే ఉంచేవారు. ఇల్లు అక్కడికి దగ్గరే, వెళ్లడానికి మాత్రం అనుమతి కావాలి. 1988 అక్టోబరులో లారియొనోవ్ ‘అగన్యోక్’ వారపత్రికలో తిఖోనోవ్‌కు బహిరంగ లేఖ రాశారు. సోవియట్ జట్టులో ఉంటూ, సొంత పేరుతో, లక్షలమంది చదివే పత్రికలో! ఆయన గోల్స్ అన్నిటికన్నా ఆ ఉత్తరమే గొప్పదని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను.

మరుసటి ఏడాది కెనడాలోని వాంకూవర్ జట్టులో చేరే వీలు దొరికింది. అయితే ఆయన మీద వచ్చే డబ్బులో పెద్ద వాటా సోవింటర్‌స్పోర్ట్ అనే సోవియట్ సంస్థకు పోయేది. మూడేళ్లు భరించి, ఇక చెల్లించేది లేదని స్విట్జర్లాండ్‌లోని లుగానోకు వెళ్లి ఒక ఏడాది అక్కడే ఆడారు. తర్వాత అమెరికాలోని శాన్ హోసే జట్టు, 1995లో అక్కడిదే డెట్రాయిట్ జట్టు.

ఆ అక్టోబరు 27న కాల్గరీలో శిక్షకుడు స్కాటీ బౌమన్ అయిదుగురు రష్యన్లను ఒకేసారి బరిలోకి దించారు: లారియొనోవ్, ఫెతిసోవ్, ఫెదొరోవ్, కొజ్లోవ్, కొన్‌స్తాంతినోవ్. దారి మూసుకుపోతే పక్‌ను ముందుకు విసిరి వెంటపడడం అక్కడి అలవాటు. వీళ్లు విసరరు. వెనక్కి తిరుగుతారు, సహచరుడికి అందిస్తారు, మళ్లీ అల్లుకుంటూ వస్తారు. సన్నగా ఉండే లారియొనోవ్ ఢీకొట్టి గెలిచే మనిషి కాదు. పక్ చేతికి రాకముందే అది ఎవరికి వెళ్లాలో ఆయనకు తెలిసి ఉండేది. అందుకే ఆయన్ను ‘ప్రొఫెసర్’ అనేవారు.

1997లో డెట్రాయిట్ 42 ఏళ్ల తర్వాత ఉత్తర అమెరికా హాకీలో అతి పెద్ద బహుమతి అయిన స్టాన్లీ కప్ గెలిచింది. నాయకుడు స్టీవ్ ఐజర్‌మన్ కప్పును ముందుగా ఫెతిసోవ్‌కిచ్చారు. ఫెతిసోవ్ దాన్ని ఒక్కడే ఎత్తుకోలేదు, లారియొనోవ్‌ను పిలిచారు. ఇద్దరూ చెరో పక్కా పట్టుకుని మంచు మీద తిరిగారు. ఒకే శిబిరంలో యౌవనం గడిపినవాళ్లు మరి.

ఆరు రోజులకే కారు ప్రమాదం. కొన్‌స్తాంతినోవ్ మళ్లీ ఆడలేకపోయారు. మరుసటి ఏడాది కప్పు మళ్లీ గెలిచినప్పుడు, చక్రాల కుర్చీలో వచ్చిన ఆయన ఒళ్లో దాన్ని పెట్టారు. ఆ దృశ్యం చూసినప్పుడల్లా నాకు మాట రాదు.

చివరగా ఒక్క గోల్. 2002 జూన్, స్టాన్లీ కప్ ఫైనల్స్ మూడో మ్యాచ్, కరొలైనా జట్టుతో. సమంగా ఉండి అదనపు సమయంలోకి, అందులోనూ మూడో విడతలోకి వెళ్లింది. అర్ధరాత్రి దాటింది. అందరి కాళ్లూ బరువెక్కాయి. గోలు ముందు పక్ లారియొనోవ్‌కు దొరికింది. ఆయన వయసు 41. ఎవరైనా కొట్టేస్తారు. ఆయన కొట్టలేదు, ఆగారు. అడ్డుకోవడానికి మంచు మీద పడిన ఆటగాడు జారుకుంటూ పక్కకు పోయాడు. అప్పుడు కర్రను వెనకవైపు తిప్పి, కింద పడి ఉన్న గోల్‌కీపర్ మీదుగా పక్‌ను నెమ్మదిగా పైకి లేపారు.