తిరుపతి ఎండలో కార్న్ స్నేక్ గుడ్లు

అందరికీ నమస్కారం. కార్న్ స్నేక్ పెంచుతున్నవాళ్లు, పశువైద్యం చదువుతున్నవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు కనుక ఈ సాయంత్రం గుడ్ల గురించే మాట్లాడతాను.

ఈ విషం లేని పాము అమెరికా ఆగ్నేయ ప్రాంతానిది. అక్కడ చలికాలమంతా మందంగా పడి ఉండి, వసంతంలో జతకడుతుంది. తిరుపతిలో ఆ చలి లేకపోయినా చాలా జతలు గుడ్లు పెడతాయి. కానీ ఆడపాముకు మూడేళ్లు నిండాలి, కనీసం 300 గ్రాములు తూగాలి. చిన్నదాన్ని తొందరపడి జతచేస్తే గుడ్డు లోపలే అడ్డుపడి ప్రాణం పోవచ్చు. ఈ విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను.

గుడ్లకు వారం పది రోజుల ముందు తల్లి కుబుసం విడుస్తుంది. అప్పుడే తడి నాచు నింపిన డబ్బాను పాముండే పెట్టెలో ఉంచండి. గుడ్లు పెట్టేశాక తల్లి వాటివైపు చూడదు, భారమంతా మనదే.

మనం పొదిగే కోడిని చూస్తూ పెరిగాం. కోడి రోజూ గుడ్లను దొర్లిస్తుంది. ఆ పని ఇక్కడ చేయకండి. కోడిగుడ్డులో పచ్చసొనను రెండువైపులా పట్టి ఉంచే తెల్లని పోగులుంటాయి. పాము గుడ్డులో అవి లేవు. పెట్టిన ఒకటి రెండు రోజుల్లోనే పిండం పెంకు లోపలి పొరకు అంటుకుంటుంది, ఆపైన తిప్పితే చనిపోవచ్చు. పైవైపు పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. అతుక్కున్న గుడ్లను విడదీయకండి. వాటి కింద పరిచే వెర్మిక్యులైట్, అంటే నీటిని పట్టి ఉంచే తేలికైన ఖనిజపు పలుకులు, తడిగా ఉండాలి, పిడికిట పిండితే మాత్రం నీరు కారకూడదు. గుడ్డు మధ్యలో సొట్టపడితే తేమ చాలడం లేదన్నమాట.

అసలు చిక్కు వేడితో. 28 డిగ్రీల దగ్గర సుమారు 60 రోజులకు పిల్లలు వస్తాయి. చలిదేశాల పెంపకందార్లకు వేడి పుట్టించడమే పని. మనకు వేడి తగ్గించడమే పని. గుడ్లు వచ్చే వేసవిలోనే ఇక్కడ ఎండ 40 దాటుతుంది. హీటర్ మాత్రమే ఉన్న పొదిగే పెట్టె గదికంటే చల్లగా ఉండలేదు కదా! 32 దాటి కొనసాగితే వెన్ను వంకరైన పిల్లలు పుట్టవచ్చు, గుడ్డులోనే చచ్చిపోనూవచ్చు. 25కు పడితే ఆలస్యమవుతుంది, అంతే. అందుకే చల్లబరచగల ఇంక్యుబేటర్ గానీ, ఏసీ గది గానీ సిద్ధం చేసుకున్నాకే జతచేయండి. కరెంటు పోయినా ఉష్ణోగ్రత ఒక్కసారిగా మారకుండా పెట్టెలో నీళ్ల సీసాలు ఉంచండి.

పిల్ల ముక్కు కొసనున్న పంటితో పెంకు చీల్చి, తల బయటపెట్టి ఒకటి రెండు రోజులు అలాగే ఉండవచ్చు. లోపల మిగిలిన సొనను పీల్చుకుంటూ ఉంటుంది. దయచేసి లాగకండి. తొలి కుబుసం విడిచాకే పసి ఎలుకపిల్లను ఆహారంగా ఇవ్వండి.

పెరట్లో జెర్రిపోతు గుడ్లు దొరికితే ఇదంతా ప్రయోగించకండి. మన పాములకు 1972 వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది, అటవీశాఖకు చెప్పండి. అలాగే మిగిలిన కార్న్ స్నేక్ పిల్లలను శేషాచలం అడవిలో వదలకండి. కొన్ని కరీబియన్ దీవుల్లో ఈ పాము మనుషుల ద్వారానే చేరి పాతుకుపోయింది. ఒక్క ఈతకే పది, ఇరవై పిల్లలు రావచ్చు. వాటిని తీసుకునేవాళ్లెవరో జతచేయకముందే మాట్లాడి పెట్టుకోండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి.