చేతిసంచీలో ఏది, పెట్టెలో ఏది: విమాన ప్రయాణంపై శ్రోతల సందేహాలు

నిర్వాహకురాలు: శ్రోతలకు నమస్కారం. నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి విమానం ఎక్కేవారిలో చాలామంది చెన్నైకో రేణిగుంటకో వెళ్లి ఎక్కుతారు. గంటల తరబడి ప్రయాణించి అక్కడికి చేరాక ఫలానా వస్తువు పనికిరాదంటే, దానిని ఇంటికి తిప్పి పంపే దారి ఉండదు. విమానాశ్రయంలో ప్రయాణికుల సేవల విభాగంలో చాలాకాలం పనిచేసి విరమణ పొందిన అధికారి ఈ రోజు మనతో ఉన్నారు. మొదటి ఫోను కావలి నుంచి. చెప్పండమ్మా.

శ్రోత (కావలి): నమస్కారమండీ. వచ్చే వారం చెన్నై నుంచి పుణెలో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళ్తున్నాను. పండుమిరప పచ్చడి, గోంగూర పచ్చడి, ఎండు కొబ్బరి చిప్పలు, మలై కాజాలు సర్దుకున్నాను. పెట్టె వేస్తే దిగాక బెల్టు దగ్గర కాచుకోవాలని మా కోడలు అంటోంది. అన్నీ చేతిసంచీలోనే తీసుకువెళ్లవచ్చా?

అధికారి: కుదరదమ్మా. కారం కళ్లలో చల్లడానికి పనికివచ్చే వస్తువు కాబట్టి, మిరప పచ్చడినీ కారప్పొడినీ క్యాబిన్‌లోకి, అంటే ప్రయాణికులు కూర్చునే చోటికి, రానివ్వరు. వాటిని చెక్-ఇన్ చేసే పెట్టెలో, అంటే కౌంటరులో అప్పగించే పెట్టెలో వేయండి. గోంగూరను కూడా అందులోనే పెట్టడం మేలు, ఎందుకంటే నూనె తేలే పచ్చడిని చూసినప్పుడు తనిఖీ సిబ్బంది సీసా తెరిపించి అడగడం, వెనుక వరుస ఆగిపోవడం తప్పదు. సీసా మూత కింద ప్లాస్టిక్ కాగితం బిగించి, సీసాను కవరులో కట్టి, పాత తువ్వాలులో చుట్టి బట్టల నడుమ పెడితే నూనె బయటికి రాదు. కాజాలకు అడ్డు లేదు. పాకం కారని డబ్బాలో పెట్టుకుని చేతిసంచీలో తీసుకువెళ్లండి.

శ్రోత (కావలి): అయితే కొబ్బరి చిప్పలను కూడా పెట్టెలోనే వేస్తాను.

అధికారి: వాటిని ఇంట్లోనే ఉంచి వెళ్లండి. ఎండు కొబ్బరిలో నూనె ఎక్కువగా ఉంటుంది. గాలి ఆడని చోట అది తనంతట తానే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉన్నందువల్ల, విమాన రవాణా నిబంధనలు దానిని ప్రమాదకర సరుకుల జాబితాలో చేర్చాయి. అందుకే చేతిసంచీలోనూ, పెట్టెలోనూ దానిని ఒప్పుకోరు. పుణెలో ఏ కిరాణా కొట్టులోనైనా కొబ్బరి దొరుకుతుంది కదమ్మా!

నిర్వాహకురాలు: మరి శబరిమలకు వెళ్లే స్వాములు ఇరుముడిలో కొబ్బరికాయను క్యాబిన్‌లోకే తీసుకువెళ్తున్నారని విన్నాము.

అధికారి: అది ప్రత్యేకమైన సడలింపు. పౌర విమానయాన భద్రతా విభాగం 2024 అక్టోబరులో ఇచ్చిన అనుమతి 2025 జనవరి 20 వరకు వర్తించింది. అప్పుడు కూడా ఎక్స్-రే తనిఖీ చేసే లోపలికి పంపారు. అలాంటి అనుమతి ఆయా దీక్షా కాలానికే పరిమితం కనుక, ఏ ఏటికి ఆ ఏడు కనుక్కుని బయలుదేరాలి.

నిర్వాహకురాలు: తరువాతి ఫోను ఆత్మకూరు నుంచి.

శ్రోత (ఆత్మకూరు): అయ్యా, కిందటి నెలలో నా ట్రాలీ బ్యాగును విమానం గేటు దగ్గర తూచి, తొమ్మిది కిలోలు ఉందని అదనంగా డబ్బు కట్టించుకున్నారు. లోపల ఉన్నవి నాలుగు జతల బట్టలు, కొన్ని పుస్తకాలు మాత్రమే. ఇది అన్యాయం కాదా?

అధికారి: మీ బాధ అర్థమవుతుంది కానీ, వారు చేసినదాంట్లో తప్పు లేదండీ. మన దేశీయ విమానాల్లో ఎకానమీ ప్రయాణికుడికి సాధారణంగా ఏడు కిలోల లోపు బరువున్న ఒక్క క్యాబిన్ బ్యాగునే అనుమతిస్తారు. దాని పొడవు 55, వెడల్పు 35, మందం 25 సెంటీమీటర్లు దాటకూడదు. దానితోపాటు ఆడవారి చేతిసంచి గానీ ల్యాప్‌టాప్ సంచి గానీ ఒకటి ఉండవచ్చు. చక్రాలు, లాగుడు కడ్డీ ఉన్న ట్రాలీ ఖాళీగానే రెండు మూడు కిలోలు తూగుతుంది. ఆ బరువు కూడా మీ ఏడు కిలోలలోనిదే అన్న సంగతి చాలామందికి తట్టదు. ఇంటి దగ్గర తూచే సాధనం లేకపోతే వీధి చివరి కొట్టులోని కాటా మీద పెట్టి చూసుకోండి. చెక్-ఇన్ పెట్టెకు చాలా టికెట్లలో 15 కిలోల వరకు వీలుంటుంది కాబట్టి పుస్తకాలను అందులోకి మార్చండి.

నిర్వాహకురాలు: ఉదయగిరి నుంచి మరొకరు లైనులో ఉన్నారు.

శ్రోత (ఉదయగిరి): మా ఊరి చెక్క గరిటెలు, చెంచాలు, చెక్క కత్తులు బహుమతిగా తీసుకువెళ్తున్నాను. అవి ఇనుపవి కావు కదా, చేతిసంచీలో పెట్టుకోవచ్చా?

అధికారి: చెంచాలకు ఇబ్బంది రాకపోవచ్చు. కత్తి మాత్రం చెక్కదైనా తెర మీద కత్తిగానే కనబడుతుంది. అది వద్దని అక్కడి భద్రతా అధికారి అంటే ఆయన మాటకు తిరుగు లేదు. మొత్తం పెట్టెలో వేసేయండి.

నిర్వాహకురాలు: ఒంగోలు నుంచి ఒక ఉపాధ్యాయుడు మాట్లాడుతున్నారు.

శ్రోత (ఒంగోలు): నాది కొంచెం వాదనలా ఉంటుంది, ఏమీ అనుకోవద్దు. నా సీటు ఇరవై ఏడో వరుసలో. ముందు వరుసల పైన సామాను పెట్టే అర ఖాళీగా కనబడితే సంచిని అక్కడే పెట్టి వెనక్కి వెళ్లాను. అక్కడ కూర్చున్నాయన నాతో గొడవకు దిగారు. అర మీద సీటు సంఖ్య రాసి లేదు, టికెట్టుకు అందరమూ డబ్బు కట్టాము. నేను చేసిన తప్పేమిటి?

అధికారి: రాతపూర్వకంగా మీరు ఏ నిబంధననూ మీరలేదు. కానీ దాని ఫలితం చూడండి. మూడో వరుస వారికి తమ సీటు పైనున్న అర దొరకక వారి సంచి పదో వరుసకు వెళ్తుంది. దిగేటప్పుడు వారు జనానికి ఎదురు నడిచి వెనక్కి రావాలి, లేదా అందరూ దిగేదాకా ఆగాలి. ఇలాంటివారు ఇద్దరు ముగ్గురు ఉంటే చాలు, ఆ సన్నటి నడవ మూసుకుపోతుంది. అందుచేత మీ వరుస మీదనో దాని వెనుకనో చోటు చూసుకోవాలి. ట్రాలీని చక్రాలు లోపలి వైపు వచ్చేలా నిలువుగా తోస్తే ఇంకొకరి సంచికి చోటు మిగులుతుంది. చిన్న సంచిని పైనున్న అరలో వేయకుండా ముందు సీటు కిందికి జరపాలి. ఒకరి సంచిని కదపవలసి వస్తే, ఇది ఎవరిదని అడిగాకే చేయి వేయాలి. పెద్దావిడ ఎవరైనా పైకి ఎత్తలేక నిలబడితే సాయం చేయడం సరే, మీకు ఎత్తడం రాదని వారి చేతిలోంచి లాక్కోవడం సాయం కాదు. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు చూసిన తగాదాల్లో ఎక్కువ భాగం ఈ అర దగ్గరే మొదలయ్యేవి.

శ్రోత (ఒంగోలు): అత్యవసర ద్వారం పక్కన కూర్చుంటే కాళ్ల దగ్గర సంచి ఎందుకు ఉంచనివ్వరు?

అధికారి: సగం ద్వారాలే పనిచేస్తున్నా విమానం మొత్తం 90 సెకన్లలో ఖాళీ కాగలదని నిరూపించిన తరువాతే ఆ నమూనాకు అనుమతి వస్తుంది. ఆ దారిలో ఒక సంచి పట్టీ కాలికి చుట్టుకున్నా వెనుకవారంతా ఆగిపోతారు. ఖాళీ చేయమన్నప్పుడు సంచులు వదిలేసి రమ్మనేదీ అందుకే. పైనున్న సంచి కోసం చేయి చాచే మనిషి అప్పుడు నడవకు అడ్డుగోడ అవుతాడు.

నిర్వాహకురాలు: ఆఖరి ఫోను పొదిలి నుంచి.

శ్రోత (పొదిలి): మా అమ్మగారికి చక్కెర వ్యాధి, ఇన్సులిన్ తీసుకుంటారు. వారిని మొదటిసారి విమానంలో మస్కట్ తీసుకువెళ్తున్నాను. ఫోన్ కోసం 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు కూడా ఉంది.

అధికారి: ఇన్సులిన్‌ను పెట్టెలో వేయనే వద్దు. సరుకుల గదిలో అది గడ్డకడితే పనికిరాకుండా పోతుంది, పెట్టె ఆలస్యమైతే మందే ఉండదు. సూదులతో సహా చేతిసంచీలో ఉంచి, వైద్యుడి చీటీని దానికి జతచేయండి. విదేశీ ప్రయాణంలో ద్రవాలు ఒక్కొక్కటి 100 మిల్లీలీటర్ల సీసాలో ఉండి, అన్నీ కలిపి ఒక లీటరు పారదర్శక సంచిలో పట్టాలన్నది నియమం. వైద్యుడు రాసిన మందులకు, పసిపిల్లల పాలకు మినహాయింపు ఉంటుంది కానీ, తనిఖీ వద్ద అడగక ముందే తీసి చూపించాలి. మీ పవర్ బ్యాంకు 3.7 వోల్టుల లెక్కన 74 వాట్-అవర్లు అవుతుంది; బ్యాటరీలో పట్టే విద్యుత్తుకు అది కొలత. 100 వాట్-అవర్లు దాటలేదు కాబట్టి విమాన సంస్థ అనుమతి అక్కరలేదు, కానీ అది క్యాబిన్‌లోనే, అదీ పైనున్న అరలో కాకుండా చేతికి అందే చోట ఉండాలి. పొగ వస్తే వెంటనే కనబడాలి కదా. విమానం నిండిపోయి గేటు దగ్గర మీ సంచిని సరుకుల గదికి పంపుతామంటే, ఇచ్చే ముందు పవర్ బ్యాంకును, మందులను, పాస్‌పోర్టులను బయటికి తీసుకోండి.