కోంక్ గ్రామం రివ్యూ: ఒక పూటలో చూసి వచ్చే ఊరు కాదు

నమస్కారం. ఈ వీడియోలో దక్షిణ ఫ్రాన్స్‌లోని అవేరోన్ ప్రాంతానికి చెందిన కోంక్ అనే కొండ గ్రామాన్ని సమీక్షిస్తున్నాను. దీని అందాన్ని పొగిడే వీడియోలు ఇప్పటికే చాలా ఉన్నాయి. నిటారు వీధుల గురించీ, ఇళ్ల మీద పరచిన పలకరాళ్ల గురించీ నేను వేరుగా చెప్పనక్కరలేదు, అవన్నీ తెరపై కనిపిస్తూనే ఉన్నాయి. ఇక్కడివారు దేని మీద ఆధారపడి బతుకుతున్నారు, ఈ ఊరి స్వభావం ఎలాంటిది అన్న విషయాలనే పరిశీలిద్దాం.

కోంక్ శతాబ్దాలుగా అతిథుల వల్ల బతుకుతున్న ఊరు. 9వ శతాబ్దంలో ఇక్కడి సన్యాసి ఒకరు అజెన్ పట్టణానికి వెళ్లి, అక్కడివారి నమ్మకం సంపాదించి, సాంత్ ఫ్వా అనే బాలిక అస్థికలను దొంగిలించి తెచ్చాడని మఠం వారి సొంత కథనమే చెబుతుంది. క్రైస్తవం కోసం ప్రాణాలిచ్చిన పునీతురాలిగా ఆమెను కొలుస్తారు. చేసిన దొంగతనాన్ని దాచిపెట్టకుండా పుణ్యకార్యంగా రాసిపెట్టుకున్న వారి ధైర్యాన్ని మెచ్చుకోవలసిందే. ఆ అస్థికల మహిమను నమ్మి వచ్చేవారితోనూ, స్పెయిన్‌లోని సాంటియాగో పుణ్యక్షేత్రానికి కాలినడకన పోయేవారితోనూ ఊరు పెరిగింది. నేటికీ వీపున సంచులతో వచ్చే యాత్రికులకు మఠంలోనే బస దొరుకుతుంది.

ఈ ఊరివాళ్ల నైజం ఫ్రెంచి విప్లవ కాలంలో బయటపడింది. చర్చిలోని బంగారం, వెండి వస్తువులను ప్రభుత్వం స్వాధీనం చేసుకుని కరిగిస్తుందన్న భయంతో గ్రామస్థులు వాటిని తలా కొంత తీసుకుపోయి, తోటల్లోనూ చెస్ట్‌నట్ కాయలు ఆరబెట్టే కొట్టాల్లోనూ దాచారు. ముప్పు తప్పిన తరువాత తెచ్చి అప్పగించారు. చెక్క బొమ్మకు బంగారు రేకు తొడిగి, మణులు పొదిగిన సాంత్ ఫ్వా విగ్రహాన్ని నేడు ప్రదర్శనశాలలో చూడగలుగుతున్నామంటే అది పేద రైతుల నిజాయితీ వల్లనే. టికెట్టు కొని తప్పక చూడండి.

చర్చి ద్వారం పైనున్న 12వ శతాబ్దపు అంతిమ తీర్పు శిల్పానికి కనీసం అరగంట కేటాయించండి. అందులోని 124 బొమ్మల్లో స్వర్గం వైపు అంతా క్రమశిక్షణే. సరదా అంతా నరకం వైపే ఉంది. అక్కడ వేటగాణ్ని కుందేలు కాలుస్తోంది, దొంగ నాణేలు వేసేవాడికి శిక్ష పడుతోంది. లోపలి 104 కిటికీలకు ఇదే ప్రాంతంలోని రొదేజ్‌లో పుట్టిన చిత్రకారుడు పియేర్ సులాజ్ రూపకల్పన చేశారు. 1994లో పూర్తయిన ఆ అద్దాలలో రంగులు గానీ బొమ్మలు గానీ లేవు. వెలుగును బట్టి వాటి ఛాయ మారుతుంది. నాకు నచ్చాయి గానీ, అంతకు ముందున్న బొమ్మల కిటికీలకు అలవాటు పడిన భక్తులకు ఇవి వెలితిగా తోచి ఉంటే తప్పు పట్టలేను.

ఇక లోపాలు. పొరుగు గ్రామాలతో విలీనం కాకముందు కోంక్ జనాభా కొన్ని వందలే. 2016లో ఇది పొరుగు గ్రామాలతో కలిసి కోంక్-ఆన్-రువెర్గ్ అనే ఒకే పాలనా విభాగమైంది. వేసవిలో వీధులు కిక్కిరిసిపోతాయి, చలికాలంలో చాలా తలుపులకు తాళాలే కనిపిస్తాయి. దుకాణాలు ఎక్కువగా సందర్శకుల అవసరాలను చూసుకునేవే కావడం వల్ల, ఇది ఊరా లేక ఊరి ప్రదర్శనా అన్న సందేహం మధ్యాహ్నం వేళ కలగక మానదు.

సాయంత్రం బస్సులు వెళ్లిపోయాక ఆ సందేహం చాలావరకు తీరుతుంది. మఠంలోని సన్యాసి ద్వారం ముందు నిలబడి ఆ శిల్పాన్ని హాస్యంగా వివరిస్తారు, తరువాత చర్చిలో ఆర్గన్ వాయిస్తారు. వివరణ ఫ్రెంచిలోనే ఉంటుంది కనుక శిల్పం గురించి ముందే చదువుకుని వెళ్లండి. భోజనానికి శాకాహారులు బంగాళాదుంప ముద్దలో జున్ను (చీజ్) సాగదీసి కలిపే అలిగో అనే వంటకం అడగవచ్చు. అయితే ఆ చీజ్ తయారీలో పాలను గడ్డకట్టించడానికి దూడల కడుపు నుంచి తీసే రెన్నెట్ వాడతారు గనుక పట్టింపు ఉన్నవారు కనుక్కుని తినండి. చేపలు తినేవారికి ఎండుచేప, బంగాళాదుంప, గుడ్లు, వాల్‌నట్ నూనెతో చేసే ఎస్టోఫినాడో ఈ ప్రాంతపు ప్రత్యేకత.

నా రేటింగ్ ఐదుకు నాలుగు. రాత్రి బస చేయగలిగితేనే వెళ్లండి. మే, సెప్టెంబరు నెలలు అనుకూలం. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారిని తీసుకువెళ్లేటట్లయితే, ఇక్కడి రాళ్ల దారులు బాగా ఏటవాలుగా ఉంటాయని, కారు ఊరి బయటే ఆపవలసి వస్తుందని ముందే వారికి చెప్పండి.